ట్రంకుపెట్టెలో నోట్లు, కువైట్‌లో సాక్షి: కోనసీమలో ఒక వారసత్వ కేసు

"నాన్న పోయారండి, ప్రొబేట్ వేయాలంట" అంటూ మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి నిజానికి కావలసింది ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధ్రువీకరణ) కాదు. ఒకరికి సక్సెషన్ సర్టిఫికెట్ (పోయినవాళ్లకు రావలసిన బాకీలు, డిపాజిట్లు తీసుకోవడానికి కోర్టు ఇచ్చే పత్రం) కావాలి, ఒకరికి తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువీకరణ పత్రంతోనే పని జరిగిపోతుంది, ఇంకొకరికి అన్నదమ్ములు కూర్చుని రాసుకునే పంపకాల దస్తావేజు చాలు. అమెరికాలోనో హైదరాబాదులోనో ఎవరో ఒక మాట అంటారు, అది ఊరు చేరేసరికి అదే మంత్రమైపోతుంది. ఈ కేసులో మాత్రం సక్సెషన్ సర్టిఫికెట్టూ తప్పలేదు, చట్టం తప్పనిసరి చేయని ప్రొబేట్ తరహా ఉత్తర్వు కోసం కూడా కావాలనే వెళ్లాం. ఎందుకు వెళ్లాం, దేని తర్వాత ఏది చేశాం అన్నది తోటి వకీళ్లకూ, ఇలాంటి ఇబ్బందిలో ఉన్న కుటుంబాలకూ పనికొస్తుందని రాస్తున్నాను. గుర్తుపట్టకుండా మనుషుల వివరాలు, మొత్తాలు మార్చాను. చట్టం, గడువుల లెక్క ఉన్నవి ఉన్నట్టే.

కుటుంబం, ఆస్తి

పోయినాయన అమలాపురం దగ్గర కొబ్బరి రైతు. 2021 కార్తీక మాసంలో పోయారు. భార్య ఉన్నారు. పెద్దకొడుకు ఊళ్లోనే తోట చూసుకుంటున్నాడు. చిన్నకొడుకు డల్లాస్‌లో ఉద్యోగం. మధ్యలో ఒక కూతురు, తణుకు దగ్గర ఇచ్చారు. ఆమె తండ్రికంటే రెండేళ్ల ముందే జబ్బు చేసి పోయింది. ఆమెకు ఇద్దరు పిల్లలు: అబ్బాయి భీమవరంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు, అమ్మాయికి అప్పటికి పదిహేనేళ్లు.

ఆస్తి కింద ఎకరా 40 సెంట్ల కొబ్బరి తోట, పెంకుటిల్లు, కాలవ గట్టున అరటి వేసుకోవడానికి కౌలుకిచ్చిన కొంత భూమి. బ్యాంకులో 8 లక్షల డిపాజిట్, దానికి చిన్నకొడుకు నామినీ. అదే బ్రాంచిలో నామినీ లేకుండా మరో 6 లక్షలు. ఊరి సొసైటీలో 2 లక్షలు. వీటితోపాటు ట్రంకుపెట్టెలో ఒక వీలునామా, మూడు ప్రామిసరీ నోట్లు.

డెల్టాలో ఒక కుటుంబం లెక్క తేలాలంటే బ్యాంకు పాసుపుస్తకం కంటే ముందు నోట్ల కట్ట చూడాలి. పంట డబ్బు చేతిలో ఉన్నవాళ్లు అవసరం ఉన్నవాళ్లకి రెండు రూపాయల వడ్డీకి ఇస్తారు, రెవెన్యూ స్టాంపు మీద సంతకం తీసుకుని పెట్టెలో పెడతారు. మూడేళ్లు దగ్గరపడుతుంటే ఐదువేలో పదివేలో కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటారు. ఎవరి నోటు ఎప్పటికి కాలదోషం పడుతుందన్న (గడువు దాటి దావాకు పనికిరాకుండా పోతుందన్న) లెక్క అంతా ఆ మనిషి తలలో ఉంటుంది. మనిషితోపాటే ఆ లెక్కా పోతుంది.

2022 ఉగాది వెళ్లాక పెద్దకొడుకు ఒక్కడే వచ్చాడు. ఆస్తి పంచమని అడగడానికి కాదు. సొసైటీ డిపాజిట్ రెన్యువల్ చేయాలంటే చనిపోయినాయన సంతకం అడిగారట, దాని గురించి. మిగతా సంగతి ఎత్తితే, "సంవత్సరీకాలు అయ్యేదాకా ఆ మాట వద్దంటుందండి అమ్మ. కార్తీకం వెళ్లాక చూద్దాంలెండి, ఎక్కడికి పోతాయి?" అన్నాడు. ఆమె బాధ నాకు అర్థమైంది. కానీ నోట్లు ఒకసారి తెచ్చి చూపించమన్నాను.

గడువుల లెక్క

మూడు నోట్లూ బల్ల మీద పరిచి వెనక్కి తిప్పి చూశాను. నోటుకు ముందు వైపు ఎంత ఇచ్చారో ఉంటుంది, ఎంతకాలం బతుకుతుందో వెనక వైపు ఉంటుంది.

మొదటిది రొయ్యల చెరువులు చేసే ఒకాయన రాసింది, 3 లక్షలు. 2014 జూన్‌లో రాశారు, 2017 ఏప్రిల్‌లో 5 వేలు చెల్లు. చెల్లు కింద ఆయన సంతకం ఉంది. ఉండాలి కూడా, అప్పు తీసుకున్నవాడి చేతిరాతో సంతకమో లేని చెల్లు గడువును పెంచదు. రెండోది లక్షన్నర, 2018 జూన్. మూడోది దగ్గర బంధువు రాసిన లక్ష, 2016 నవంబరు, చెల్లు ఏమీ లేదు.

అడిగినప్పుడు ఇస్తానన్న నోటుకు రాసిన తేదీ నుంచి మూడేళ్లే గడువు. ఇచ్చినాయన మధ్యలో చనిపోయినా ఆ గడువు ఆగదు. లిమిటేషన్ చట్టం 9వ సెక్షన్ ప్రకారం ఒకసారి నడక మొదలుపెట్టిన కాలం మళ్లీ నిలవదు. ఇంట్లో చావు జరిగింది కదా, కోర్టు అర్థం చేసుకుంటుందిలే అనుకోవడం చాలా మామూలు, చాలా ప్రమాదం.

మామూలు లెక్కన ఆ మూడు నోట్లూ చచ్చినట్టే. మొదటిదాన్నీ రెండోదాన్నీ బతికించింది కరోనా సమయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని గడువుల లెక్కలోంచి తీసేశారు. ఆ మధ్యలో గడువు ముగిసిపోయిన వాటికి 2022 మార్చి 1 నుంచి 90 రోజులు ఇచ్చారు. 2020 మార్చి 15 నాటికి అంతకంటే ఎక్కువ కాలం మిగిలి ఉంటే ఆ మిగిలినంతా వాడుకోవచ్చు.

రొయ్యల చెరువు నోటుకు చెల్లు తేదీ నుంచి మూడేళ్లు లెక్కేస్తే 2020 ఏప్రిల్ దాకా గడువు. అంటే ఆ 90 రోజులే దిక్కు, మే నెలాఖరుకి అయిపోతుంది. మధ్యలో కోర్టుకు వేసవి సెలవులు. రెండో నోటుకు అప్పటికి పదిహేను నెలలు మిగిలి ఉంది కాబట్టి 2023 వేసవి దాకా భయం లేదు. మూడోది 2019 నవంబరులోనే కాలదోషం పట్టింది, కరోనాకు ముందే పోయినదానికి ఆ ఉత్తర్వుతో పని లేదు.

ఇదంతా కాగితం మీద వేసి చూపిస్తే పెద్దకొడుకుకి అప్పుడు టెన్షన్ మొదలైంది. "మరి అమ్మకి ఏం చెప్పమంటారు?" అన్నాడు. పంచుకోవడం వేరు, పోకుండా కాపాడుకోవడం వేరు, ఇప్పుడు చేస్తున్నది రెండోదని చెప్పమన్నాను. ఆయన డబ్బు ఎవరూ ముట్టుకోరు, సంవత్సరీకాలు అయ్యేదాకా కోర్టులోనే ఉంటుంది. ఆ మాటకి ఆవిడ ఒప్పుకున్నారు.

పని వరుస అక్కడే తేలిపోయింది. ఎక్కువ విలువైనది ముందు కాదు, త్వరగా పోయేది ముందు. కోట్లు చేసే తోట ఎక్కడికీ పోదు. 3 లక్షల నోటు మాత్రం మేలో పోతుంది.

సర్టిఫికెట్ చేతికి రాకముందే దావా

చనిపోయిన మనిషికి రావలసిన అప్పు కోసం వారసులు దావా వేస్తే, సక్సెషన్ సర్టిఫికెటో ప్రొబేటో చూపించకుండా కోర్టు డిక్రీ ఇవ్వకూడదని భారత వారసత్వ చట్టం, 1925 లోని 214వ సెక్షన్ అంటోంది. దీన్ని చదివి, సర్టిఫికెట్ వచ్చాకే దావా వేయాలనుకుని కూర్చునేవాళ్లు ఉన్నారు. సెక్షన్ ఆపేది డిక్రీని, దావాను కాదు. దావా గడువులోపు వేసి, సర్టిఫికెట్ తీర్పులోపు దాఖలు చేస్తే చాలు.

అందుకే రెండూ ఏప్రిల్‌లోనే వేశాం. రొయ్యల చెరువు నోటు మీద దావా ఒకటి, సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో సక్సెషన్ ఓపీ (సర్టిఫికెట్ కోసం వేసే పిటిషన్) ఒకటి. దావాలో అప్పటికి మాతో కలిసి రాని కూతురి పిల్లలిద్దర్నీ కూడా ప్రతివాదులుగా చూపించాం. హక్కుదారుల్లో ఎవర్నీ బయట వదిలేయకూడదు.

అదే 214వ సెక్షన్‌లో మన ప్రాంతానికి బాగా పనికొచ్చే మాట ఒకటుంది. వ్యవసాయ భూమి మీద రావలసిన కౌలు, శిస్తు, ఫలసాయం ఆ సెక్షన్ చెప్పే అప్పు కిందికి రావు. అరటి కౌలు బాకీ వసూలుకు సర్టిఫికెట్‌తో పనే లేదు. ఓపీ షెడ్యూలులో (బాకీల జాబితాలో) దాన్ని చేర్చలేదు, కోర్టు ఫీజు కూడా ఆ మేరకు మిగిలింది. కౌలుదారు కూడా పేచీ పెట్టకుండా తొలకరికి ముందే కట్టేశాడు.

కాలదోషం పట్టిన మూడో నోటు సంగతి మర్యాద మీద తేలింది. బంధువు పెద్దకర్మకు వచ్చి, "బావగారికి నేను బాకీ, ఎగ్గొట్టను" అని అందరి ముందూ అని వెళ్లాడట. అయితే వెనక చెల్లు రాయిస్తాం అన్నారు వీళ్లు. గడువు దాటిపోయాక రాసిన చెల్లుతో నోటుకు మళ్లీ ప్రాణం రాదు. కానీ కాలదోషం పట్టిన బాకీని కూడా తీరుస్తానని కొత్తగా రాసి సంతకం పెడితే కాంట్రాక్టు చట్టం 25(3) కింద అది చెల్లుతుంది. అందుకే పాత బాకీని ప్రస్తావిస్తూ వారసులందరి పేరా కొత్త నోటు రాయించాం. ఆయన మంచివాడు కాబట్టి రాశాడు. కాదంటే చేసేదేమీ లేదు.

వారసులు ఎవరెవరు

పెద్దకొడుకు తెచ్చిన కుటుంబ సభ్యుల పత్రంలో మూడు పేర్లే ఉన్నాయి: తల్లి, ఇద్దరు కొడుకులు. సచివాలయంలో దరఖాస్తు ఇచ్చినప్పుడు ఇంట్లో ఉన్నవాళ్ల పేర్లు అడిగారు, చెప్పారు, విచారణ కూడా దాని మీదే అయిపోయింది. దురుద్దేశం లేదు. పోయిన కూతురి పిల్లలు వారసులవుతారని వాళ్లకు తట్టనే లేదు.

హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం వీలునామా లేని ఆస్తికి మొదటి తరగతి వారసుల్లో భార్య, కొడుకులు, కూతుళ్లతోపాటు ముందే చనిపోయిన కూతురి పిల్లలు కూడా ఉంటారు. అల్లుడు ఉండడు. ఇక్కడ భార్యకు నాలుగో వంతు, కొడుకులకు చెరో నాలుగో వంతు, కూతురి శాఖకు నాలుగో వంతు. దాన్ని పిల్లలిద్దరూ పంచుకుంటే చెరో ఎనిమిదో వంతు.

కొత్తగా ఐదు పేర్లతో పత్రం తీయించాకే ఓపీ వేశాను. భారత వారసత్వ చట్టం 372వ సెక్షన్ కింద వేసే పిటిషన్‌లో చనిపోయినాయన కుటుంబ సభ్యులు, దగ్గర బంధువులు అందరి పేర్లూ చిరునామాలూ రాయాలి. ఒక వారసుణ్ణి దాచి తెచ్చుకున్న సర్టిఫికెట్‌ను 383 కింద ఎప్పుడైనా రద్దు చేయించవచ్చు. తహసీల్దారు పత్రం కుటుంబంలో ఎవరున్నారో చెబుతుంది తప్ప ఎవరికి ఎంత హక్కో తేల్చదు. పత్రంలో పేరు లేనంత మాత్రాన హక్కు పోదు.

నామినీ గొడవ కూడా అప్పుడే తెగింది. డల్లాస్ నుంచి ఫోనులో చిన్నకొడుకు, "ఆ ఎనిమిది లక్షలకి నాన్న నా పేరే రాశారు కదండీ, అది కూడా పంచాలా?" అన్నాడు. బ్యాంకు ఎవరి చేతికి ఇస్తే దాని బాధ్యత తీరుతుందో చెప్పేది నామినేషన్. డబ్బు ఎవరిదో చెప్పేది వారసత్వ చట్టం. ఈ తేడాను సుప్రీంకోర్టు 1984లో సర్బతీ దేవి కేసులో బీమా డబ్బు మీద చెప్పింది, 2010లో బ్యాంకు డిపాజిట్లకు చెప్పింది, 2023లో కంపెనీ షేర్లకూ అదే ఖాయం చేసింది. బీమాలో మాత్రం 2015 సవరణ తర్వాత తల్లిదండ్రులు, భార్య లేక భర్త, పిల్లలు నామినీలైతే ఆ డబ్బు వాళ్లదే అవుతుంది, అది వేరే దారి. అతను చదువుకున్నవాడు, తీర్పులు పంపిస్తే చదివి ఊరుకున్నాడు. నామినీగా అతని ఖాతాలో పడ్డ డబ్బును తర్వాత నాలుగు వాటాలు చేశారు.

సక్సెషన్ ఓపీ నడిచిన తీరు

చనిపోయేనాటికి ఆయన ఎక్కడ ఉండేవారో ఆ ప్రాంతపు కోర్టే ఈ పిటిషన్ వినాలి. ఆధార్, ఓటరు కార్డు, మరణ ధ్రువీకరణ పత్రం మూడింట్లో ఒకే ఊరు ఉంటే ఏ పేచీ రాదు. మాకు ఊరు కుదిరింది, పేరు కుదరలేదు. పాసుపుస్తకంలో పేరుకు ముందు "వెంకట" ఉంది, ఆధార్‌లో లేదు. ఒక నోటులో ఇంటిపేరు మొత్తం ఉంది, ఇంకో నోటులో ఒక్క అక్షరమే. అందుకే పిటిషన్‌లోనే "అలియాస్" అని అన్ని రూపాలూ రాసేశాం. ఇది చిన్న పనిలా కనిపిస్తుంది. వదిలేస్తే మాత్రం సర్టిఫికెట్ చేతికొచ్చాక బ్యాంకు మేనేజరు కౌంటరు దగ్గర ఆపుతాడు, దాని సవరణ కోసం మళ్లీ కోర్టు మెట్లెక్కాలి.

షెడ్యూలు రాయడం మీద ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. బ్యాంకు, సొసైటీల నుంచి ఖాతా నంబర్లు, ఆ రోజు నిల్వ, వడ్డీ రేటుతో లెటర్లు తీసుకున్నాం. నిల్వ మాత్రమే రాస్తే, తర్వాత పెరిగిన వడ్డీ ఇవ్వడానికి బ్యాంకు అడ్డు చెప్పవచ్చు. "చెల్లింపు తేదీ దాకా వచ్చే వడ్డీతో సహా" అని రాయాలి. ఏదైనా ఖాతా తర్వాత బయటపడితే 376 కింద సర్టిఫికెట్‌ను దానికీ వర్తింపజేయమని అడగవచ్చు కానీ అది మరో వాయిదాల వరుస.

కోర్టు ఫీజు సర్టిఫికెట్ కోరిన మొత్తాన్ని బట్టి ఉంటుంది, పిటిషన్‌తోపాటే డిపాజిట్ చేయాలి. అందుకే నామినీ ఉన్న 8 లక్షలు షెడ్యూలులో పెట్టలేదు. తోటా ఇల్లూ ఎలాగూ ఇందులోకి రావు. సక్సెషన్ సర్టిఫికెట్ రావలసిన బాకీలకు, డిపాజిట్లకు, బాండ్లకు, షేర్లకు మాత్రమే. "సర్టిఫికెట్ వచ్చింది కదా, పాసుబుక్ మార్చండి" అని తహసీల్దారు ఆఫీసుకు వెళ్తే పని జరగదు.

నోటీసులు వెళ్లాయి, తెలుగు దినపత్రికలో ప్రకటన వేయించాం. వాయిదా రోజున బెంచి క్లర్కు బయటికి పిలిపించాడు, ఎవరూ రాలేదు. తల్లి మోకాళ్ల నొప్పితో రాలేరు, పైగా ఏడాది లోపు గడప దాటనన్నారు. ఇంటికే వచ్చి సాక్ష్యం తీసుకునేందుకు అడ్వొకేట్ కమిషనర్‌ను వేయమని అర్జీ పెడితే కోర్టు వేసింది, ఇంటి అరుగు మీదే ఆవిడ సాక్ష్యం రాసుకున్నారు. "మీ భర్త అప్పులిచ్చిన సంగతి మీకు తెలుసా?" అని అడిగితే, "నాకు తెలియకుండా రూపాయి బయటికెళ్లేది కాదండి" అని మూడు నోట్ల మొత్తాలూ తప్పు లేకుండా చెప్పారావిడ. లెక్క తెలిసిన మనిషి ఇంట్లోనే ఉంది, ఎవరూ అడగలేదంతే.

కేసు వేసేటప్పుడే ఇంకో చిక్కు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. కాగితాలన్నింట్లో తూర్పు గోదావరి, ఉంటున్నది కోనసీమ. ఒక మెమోతో సరిపోయింది, కానీ బ్యాంకు వాళ్లు ఆ మెమో నకలు కూడా అడిగారు.

నవంబరులో సర్టిఫికెట్ ఇమ్మని ఉత్తర్వు వచ్చింది. మైనర్ అమ్మాయి వాటాను జాతీయ బ్యాంకులో, పద్ధెనిమిదేళ్లు నిండేదాకా డిపాజిట్ చేయమన్నారు. అది మేమే కోరాం. సంవత్సరీకాలూ అప్పటికి దగ్గరపడ్డాయి కాబట్టి ఆవిడకిచ్చిన మాటా నిలబడింది.

రొయ్యల చెరువు ఆయన దావాలో మొదట "పెద్దాయనకి చేతికే ఇచ్చేశాను" అని జవాబు వేశాడు. నిజానికి ఆయన భయం వేరు. వీళ్లకి కడితే రేపు తణుకు నుంచి ఇంకొకరు వచ్చి మా వాటా ఏదీ అంటే? సర్టిఫికెట్ దాఖలైన రోజు నుంచి ఆయన గొంతు మారింది. సర్టిఫికెట్ ఉన్నవాళ్లకి మంచి నమ్మకంతో చెల్లిస్తే బాకీదారు బాధ్యత తీరిపోతుందని 381వ సెక్షన్ హామీ. ఈ పత్రం వారసుల కోసం కంటే డబ్బు కట్టేవాడి కోసమే ఎక్కువ పుట్టిందని నా అభిప్రాయం. 2023లో లోక్ అదాలత్‌లో అసలు మొత్తం, కొంత వడ్డీ వాయిదాల మీద కట్టేట్టు రాజీ అయింది. లోక్ అదాలత్ అవార్డు మీద అప్పీలు ఉండదు, కట్టిన కోర్టు ఫీజు కూడా తిరిగొచ్చింది. రెండో నోటు రాసినాయన కోర్టుదాకా రాకుండానే తీర్చేశాడు.

ఇదే కేసు ఇప్పుడు వచ్చి ఉంటే బ్యాంకు డబ్బు వరకు దారి సులువు. రిజర్వ్ బ్యాంకు 2025 సెప్టెంబరులో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, నామినీ లేని ఖాతాల్లో 15 లక్షల వరకు, సహకార బ్యాంకుల్లో 5 లక్షల వరకు, తగాదా లేకపోతే కోర్టు పత్రం అడగకుండా తేల్చాలి. నోట్లకు మాత్రం ఏ సడలింపూ లేదు.

వీలునామా

ఇక తోట. 2015 నాటి వీలునామా, రిజిస్టరు చేయలేదు. దస్తావేజు లేఖరి చేతిరాత, వంద రూపాయల స్టాంపు పేపరు మీద. వీలునామాకు స్టాంపు అక్కర్లేదు, రిజిస్ట్రేషనూ తప్పనిసరి కాదు, తెల్లకాగితమైనా చెల్లుతుంది. తోట "నా కుమారులిద్దరూ సమానముగా దాన విక్రయాది సర్వహక్కులతో అనుభవించవలసినది" అని రాశారు. కూతురికి పెళ్లప్పుడే పసుపు కుంకుమల కింద ఇచ్చానని ఒక వాక్యం. ఇల్లు భార్య జీవితకాలం అనుభవించి, తదనంతరం కొడుకులకు చెందాలని. డిపాజిట్లు, నోట్ల ఊసే లేదు, అందుకే అవి వీలునామా లేని ఆస్తిలా పంచుకోవలసి వచ్చాయి.

తాతగారి నుంచి వచ్చిన తోటను వీలునామా రాసే హక్కు ఆయనకుందా అని అల్లుడు అడిగాడు. తాత, అంటే పోయినాయన తండ్రి, 1956 తర్వాత పోయారు, పంపకంలో కాక వారసత్వంగా వచ్చింది, కాబట్టి 1986 నాటి చందర్ సేన్ తీర్పు ప్రకారం అది ఆయన సొంత ఆస్తే.

మన జిల్లాల్లో హిందువు రాసిన వీలునామాకు ప్రొబేట్ లేకపోయినా హక్కు స్థాపించుకోవచ్చు. ప్రొబేట్ తప్పనిసరి అన్న నిబంధన మద్రాసు, బొంబాయి నగరాలు, పాత బెంగాల్ లెఫ్టినెంట్ గవర్నరు పాలన ప్రాంతాల కోసం పెట్టింది, గోదావరికి ఎన్నడూ వర్తించలేదు, 2025లో దాన్ని తీసేశారు కూడా. అందరూ మేజర్లై, అందరూ ఒప్పుకుని ఉంటే నేనైతే కోర్టు మాటే ఎత్తేవాణ్ణి కాదు, తహసీల్దారు ముందు సమ్మతి పత్రాలతో మ్యుటేషన్ (భూమి రికార్డుల్లో పేర్ల మార్పు) చేయించేవాణ్ణి.

ఇక్కడ అడ్డం రెండు. ఒకటి, ఆ అమ్మాయి మైనర్. ఆమె తరఫున తండ్రి పెట్టే "అభ్యంతరం లేదు" అన్న సంతకానికి విలువ లేదు, మేజర్ అయ్యాక ఆమె వచ్చి కాదనవచ్చు. రెండు, సాక్షులు. ఇద్దరిలో ఒకాయన 2020లో పోయారు. రెండో ఆయన కువైట్‌లో ఉన్నాడు. వీలునామాను కోర్టులో రుజువు చేయాలంటే సాక్షి సంతకం చేసినవాళ్లలో కనీసం ఒకరు బతికి, దొరికే స్థితిలో ఉంటే వాళ్లనే విచారించాలి. ఆరేళ్ల తర్వాత ఎవరో అడిగితే అప్పటికి ఈయన ఉంటాడో లేదో. నోట్ల గడువు చట్టం పెట్టింది, ఈ గడువు మనిషి ఆయుష్షు పెట్టింది.

అందుకే వెళ్దామన్నాను. అయితే ప్రొబేట్ కాదు. వీలునామాలో పేరు రాసిన ఎగ్జిక్యూటర్‌కే (దాన్ని అమలు చేసే బాధ్యుడికే) ప్రొబేట్ ఇస్తారు, ఈయన ఎవర్నీ రాయలేదు. అలాంటప్పుడు వీలునామా జతచేసిన లెటర్స్ ఆఫ్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఆస్తి నిర్వహణకు కోర్టు ఇచ్చే అధికార పత్రం, అడగాలి. అది జిల్లా కోర్టు పని, రాజమండ్రిలో వేశాం. ఆ ఉత్తర్వు వస్తే వీలునామా నిజమైనదన్నది అందరి మీదా చెల్లుతుంది, మైనర్ మీద కూడా.

అల్లుడి దగ్గరికి పెద్దకొడుకునే పంపాను. అక్కడ జరిగింది అతను చెబితే విన్నాను. "మీకేమీ వద్దనడం లేదు బావా, అమ్మాయి చదువు ఎవరు చూస్తారో అది చెప్పండి" అన్నాడట అల్లుడు. ఈ మాట విన్న తల్లి డిపాజిట్లలో తన నాలుగో వంతు మనవడికీ మనవరాలికీ రాసేస్తానన్నారు. మంచిదే, కానీ దీన్ని తోటతో ముడిపెట్టవద్దని గట్టిగా చెప్పాను. డబ్బిచ్చి మైనర్ హక్కు మానిపించారన్న అనుమానం వస్తే రేపు ఉత్తర్వు మీదే మచ్చ పడుతుంది. ఆవిడ డబ్బు విడిగా, వేరే రోజున ఇచ్చారు. మనవడు మేజర్, తన వకీలుని అడిగి సమ్మతి అఫిడవిట్ ఇచ్చాడు. అమ్మాయి తరఫున తండ్రి గార్డియన్‌గా నిలబడి, రుజువు చేయమని కౌంటర్ వేశాడు. పేరుకి కాకుండా నిజంగానే ఆమె వకీలు మా సాక్షిని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చేశాడు.

సాక్షి 2023 సంక్రాంతికి వచ్చాడు. ముందే అర్జీ పెట్టి, సెలవుల తర్వాత కోర్టు తెరిచిన వారంలో తేదీ తీసుకున్నాం. చీఫ్ అఫిడవిట్ (అతని సాక్ష్యం కాగితం) రాసేటప్పుడు ఏం చెప్పాలో నేర్పకుండా, ఆ రోజు ఏం జరిగిందో మొదటి నుంచి చెప్పించుకున్నాను. సాధారణంగా సాక్షులు, "ఆయన సంతకం పెట్టారు, నేను చూశాను" దగ్గర ఆగిపోతారు. చట్టానికి అది సగమే. ఆయన చూస్తుండగా తానూ సంతకం పెట్టానని, పోయిన రెండో సాక్షి కూడా ఆయన ఎదుటే పెట్టాడని రావాలి. క్రాస్‌లో ఇదే అడిగారు: "మీరు సంతకం చేసేటప్పుడు ఆయన ఎక్కడున్నారు?" "ఎదురుగా మడత కుర్చీలో. నా కలం ఆగిపోతే జేబులోది తీసి ఇచ్చారండి ఆయ్." కాగితం మీద మూడో సంతకం ఇంకు రంగు వేరుగా ఉన్న సంగతి నేను అప్పటిదాకా పట్టించుకోలేదు, జడ్జిగారు కాగితం తిప్పి చూశారు.

ఈ కోర్టు వీలునామా నిజమా కాదా అన్నంతవరకే చూస్తుంది. తోట ఎవరిది, హద్దులు ఎక్కడ అన్నది తేల్చదు. ఇది ముందే చెప్పకపోతే క్లయింట్లు పక్క తోటవాడితో గట్టు తగాదా కూడా ఇందులోనే తీరుతుందని ఆశ పెట్టుకుంటారు.

ఆ ఏడాది చివర ఉత్తర్వు వచ్చింది. ఆస్తిని సరిగ్గా నిర్వహిస్తానని పెద్దకొడుకు కోర్టుకు అడ్మినిస్ట్రేషన్ బాండు రాశాడు. ఇక్కడితో అయిపోయిందనుకోకూడదు. ఆరు నెలల్లో ఆస్తుల జాబితా, ఏడాదిలో లెక్కలు కోర్టుకు ఇవ్వాలి. దింపు దింపుకీ ఎన్ని కాయలు, అంబాజీపేటలో ఏ ధర పలికింది, కూలి ఎంత అన్నది అతను మొదటినుంచి నోటుబుక్కులో రాసుకున్నాడు కాబట్టి ఆ లెక్కలు ఇబ్బంది పెట్టలేదు. ఉత్తర్వు నకలుతో తహసీల్దారు ఆఫీసులో 1బి, అడంగల్ అనే భూమి రికార్డులు ఇద్దరు కొడుకుల పేర్లకు మారాయి.

అమ్మాయి పద్ధెనిమిది నిండాక పదో తరగతి సర్టిఫికెట్ వయసు రుజువుగా జతచేసి పిటిషన్ వేస్తే కోర్టు డిపాజిట్ విడుదల చేసింది.

తేలనిది ఇల్లొక్కటే. జీవితకాలం అనుభవించమని భర్త రాసినా, అది పోషణ హక్కుకు బదులుగా ఇచ్చినదైతే హిందూ వారసత్వ చట్టం 14(1) కింద భార్యకు పూర్తి హక్కవుతుందని 1977లో తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, అది ఆంధ్ర నుంచి వెళ్లిన కేసే. వీలునామాలో పెట్టిన పరిమితి 14(2) కింద నిలుస్తుందన్న తీర్పులూ ఉన్నాయి, ఈ రెండింటి పొత్తు తేల్చమని 2024 డిసెంబరులో పెద్ద ధర్మాసనానికి పంపారు. ఆవిడ ఉన్నంతకాలం ఎవరికీ ఇది తేల్చుకోవలసిన అవసరం లేదు. చిన్నకొడుకు మాత్రం, అమ్మ ఆ ఇల్లు మనవరాలికి రాస్తే ఏమవుతుందని మొన్న అడిగాడు. రాసే పక్షంలో ఇద్దరు కొడుకులకూ ముందే చెప్పి, రిజిస్టరు చేయించి, ఊళ్లోనే ఉండే, వయసులో చిన్నవాళ్లైన ఇద్దర్ని సాక్షులుగా పెట్టమన్నాను.